ఓడినవాళ్లు తినే వంటకం... హంబుల్ పై!

ఆకలేస్తే అన్నం తింటాం. అల్లరి చేస్తే చీవాట్లు తింటాం. మరి ఓడిపోతే... తెలుగువాళ్లయితే దెబ్బతింటారు. ఇంగ్లిషువాళ్లు ‘హంబుల్ పై’ తింటారు. అమెరికావాళ్లు ఏకంగా కాకినే తినేస్తారు! ఇంతకీ ఏంటీ వంటకాలు? వీటికీ ఓటమికీ చుట్టరికం ఎలా కుదిరింది?

అది 1983. ఇంగ్లండ్‌లో ఓ పేరున్న క్రికెట్ పత్రికలో ఓ వింత ఫొటో వచ్చింది. అందులో ఉన్నది ఆ పత్రిక సంపాదకుడే. పేరు డేవిడ్ ఫ్రిత్. ఆయన చేస్తున్న పని... కాగితం నమలడం! అదేదో సరదా ఫొటో కాదు. ఆయన తింటున్నది తాను రాసిన మాటల్నే.

జరిగింది ఏమిటంటే... ఆ ఏడాది ప్రపంచకప్పు మొదలవడానికి ముందు, భారత జట్టు ఆటతీరు ఇలాగే ఉంటే ఈ పోటీల నుంచి తప్పుకోవడమే మేలన్న అర్థం వచ్చేలా ఫ్రిత్ రాశారు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. 1975 ప్రపంచకప్పులో మనవాళ్లు గెలిచింది ఒక్క ఈస్ట్ ఆఫ్రికా మీదే. 1979లో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అప్పటికి టెస్టు హోదా కూడా లేని శ్రీలంక చేతిలోనూ ఓడారు. అలాంటి జట్టు మీద ఎవరు మాత్రం పందెం కాస్తారు?

కానీ జూన్ 25న లార్డ్స్ మైదానంలో కథ అడ్డం తిరిగింది. మనవాళ్లు చేసింది 183 పరుగులే. ఎదురుగా ఉన్నది అంతకుముందు రెండుసార్లూ కప్పు పట్టుకెళ్లిన వెస్టిండీస్. ఆ జట్టు 140 పరుగులకే కుప్పకూలింది. కపిల్‌దేవ్ చేతికి కప్పు వచ్చింది. ఆ జట్టుకు మేనేజర్‌గా వెళ్లింది మన హైదరాబాద్ వాసి పి.ఆర్.మాన్‌సింగ్.

సంబరాలు ముగిశాక ఫ్రిత్‌కి ఓ ఉత్తరం అందింది. ‘అప్పుడు రాసిన మాటల్ని ఇప్పుడు తినండి’ అన్నది దాని సారాంశం. ఇంగ్లిషులో ‘మాటల్ని తినడం’ అంటే అన్నమాట తప్పని ఒప్పుకోవడం. ఓ చిన్న సవరణ వేసి ఊరుకున్నా ఎవరూ అడగరు. ఫ్రిత్ మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టుగా పాటించారు. అచ్చయిన కాగితాన్ని నోట్లో పెట్టుకుని నమిలారు. భారత జట్టు తన పళ్లకు సిరా అంటించిందంటూ సొంత పత్రికలోనే ఆ ఫొటో వేసుకున్నారు!

నలభై ఏళ్లు దాటినా ఆ కప్పు గురించి మాట్లాడుకునేటప్పుడు ఫ్రిత్ పేరూ వస్తుంటుంది. అంచనా తప్పిన మనిషిగా కంటే, ఆ తప్పుని నమిలి మింగిన మనిషిగానే ఆయన్ని ఎక్కువమంది తలుచుకుంటారు.

ఓడిపోవడం ఒక ఎత్తు. ఓడిపోయానని మన నోటితో మనమే ఒప్పుకోవడం మరో ఎత్తు. ఇంగ్లిషు భాష ఈ రెండో పనికి తిండి మాటల్ని వాడుకుంది. అందులో అన్నిటికంటే పేరున్నది... హంబుల్ పై.

ఎగతాళి చేసిన పార్టీ చేతిలోనే ఎన్నికల్లో ఓడిన నాయకుడు, ‘ఈ సినిమా ఆడదు’ అని తేల్చేశాక అది వంద రోజులు ఆడటం చూసిన విమర్శకుడు, ‘నీకు చదువు అబ్బదు’ అన్న కుర్రాడికి మొదటి ర్యాంకు వస్తే శాలువా కప్పాల్సి వచ్చిన మాస్టారు... వీళ్లందరూ ‘హంబుల్ పై తిన్నట్టే’. అంటే పొగరు దిగి, తల వంచి, తప్పు ఒప్పుకున్నట్టు. ‘హంబుల్’ అంటే అణకువ. అందుకే ‘అణకువతో చేసిన పై’ కాబోలు అనుకుంటారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. ఎందుకంటే, మొదట్లో ఆ వంటకంలో అణకువ లేదు. ఉన్నది జింక కార్జం!

బోటీ, కార్జం... ఓ కజ్జికాయ!

‘పై’ అంటే తెలిసిందే. పిండిని పల్చగా పరిచి, మధ్యలో మాంసమో పండ్లో కూరి, పైన మళ్లీ పిండితో మూసి పొయ్యిలో కాల్చే వంటకం. మన కజ్జికాయకు దూరపు చుట్టం అనుకోవచ్చు. కాకపోతే సైజు పెద్దది, నూనెలో వేయించరు.

వెనకటి ఇంగ్లండ్‌లో జింకను వేటాడి తెస్తే దాని తొడ, భుజం మాంసం ఒక రకంగా వండేవారు. లోపలి భాగాలు... అంటే గుండె, కార్జం, మూత్రపిండాలు, పేగులు లాంటివాటిని విడిగా తీసి సన్నగా తరిగేవారు. కొవ్వు, ఎండు ద్రాక్ష, మసాలాలు కలిపి ‘పై’లో కూరేవారు. ఈ లోపలి భాగాలన్నిటికీ కలిపి ‘అంబుల్స్’ అని పేరు. వాటితో చేసింది కాబట్టి అది ‘అంబుల్ పై’.

మరి ఈ ‘అంబుల్స్’ అనే మాట ఎక్కడిది? లాటిన్‌లో నడుము భాగాన్ని ‘లంబస్’ అంటారు. వెన్నునొప్పితో డాక్టరు దగ్గరికెళితే ‘లంబార్ దగ్గర తేడా ఉంది’ అంటారు చూడండి... ఆ మాటకీ ఇదే మూలం. ఆ లాటిన్ మాట నుంచి పాత ఫ్రెంచిలో ‘నొంబుల్స్’ పుట్టింది. అది ఇంగ్లిషులోకి వచ్చి ‘నంబుల్స్’ అయింది. తర్వాత మొదట్లో ఉన్న ‘న’కారం ఊడిపోయి ‘అంబుల్స్’గా మిగిలింది.

ఎలా ఊడింది? ఇంగ్లిషులో ఒక వస్తువు పేరు ముందు ‘ఎ’ లేదా ‘యాన్’ చేర్చడం మామూలే. గబగబా పలికేటప్పుడు ‘ఎ’ తర్వాత వచ్చే ‘న’కారం ముందుమాటకు అతుక్కుపోతుంది. ‘ఎ నంబుల్’ అన్నది వినేవాళ్లకు ‘యాన్ అంబుల్’లా వినిపిస్తుంది. అలా పోగొట్టుకున్న మాట ఇదొక్కటే కాదు. వంటింట్లో కట్టుకునే ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నాప్రన్’. క్రికెట్‌లో వేలెత్తి అవుటిచ్చే ‘అంపైర్’ ఒకప్పుడు ‘నంపేర్’. ఇద్దరిలో ఎవరి జతా కానివాడు, అంటే మూడోమనిషి అని దానర్థం.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ మరొకటుంది. ‘ఆరెంజ్’! ఆ మాట మన దేశం నుంచి బయలుదేరింది. సంస్కృతంలో ‘నారంగ’. మనం ఇప్పటికీ ‘నారింజ’ అనే అంటాం. పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరాక ఇటలీ, ఫ్రాన్స్‌లలో దాని ‘న’కారం జారిపోయింది. మన పెరట్లోని నారింజకు పోని అక్షరం, ఓడెక్కి వెళ్లిన నారింజకు పోయింది.

పక్కింటావిడ తెచ్చిన పై

ఇప్పుడు అసలు చిక్కుముడి. జింక మాంసం దొరలకి, లోపలి భాగాలు నౌకర్లకి పెట్టేవారనీ... పెద్ద బల్ల దగ్గర కూర్చోవాల్సినవాడిని కింది బల్ల దగ్గర కూర్చోబెట్టి ‘అంబుల్ పై’ వడ్డిస్తే అది అవమానమనీ... అలా ‘హంబుల్ పై తినడం’ అనే మాట పుట్టిందనీ చాలామంది చెబుతుంటారు. కథ బాగానే ఉంది. కానీ నాటి దినచర్య ఒకటి దీనికి అడ్డొస్తోంది.

శామ్యూల్ పీప్స్ అని 17వ శతాబ్దపు లండన్‌లో ఓ పెద్దమనిషి ఉండేవాడు. నౌకాదళం కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. 1660 నుంచి 1669 దాకా రోజూ ఏం చేసిందీ, ఏం తిన్నదీ పూసగుచ్చినట్టు డైరీలో రాసుకున్నాడు. 1662 జులైలో ఆయనకెవరో జింక మాంసం పంపించారు. ఓ భుజం కాల్చారు, మరో భుజం పొయ్యిలో వండారు, అంబుల్స్‌తో పై చేశారు... అన్నీ చక్కగా కుదిరాయని ఆరోజు రాసుకున్నాడు. సరిగ్గా ఏడాది తర్వాత, 1663 జులైలో పక్కింటావిడ పొయ్యిలోంచి అప్పుడే తీసిన అంబుల్ పై వేడివేడిగా పట్టుకొచ్చింది. అది అద్భుతంగా ఉందని మెచ్చుకున్నాడు.

మరి ఇందులో అవమానం ఎక్కడుంది? మనింట్లో ఏదైనా ప్రత్యేకంగా వండితే గిన్నెలో పెట్టి పక్కింటికి పంపిస్తాం కదా... అలాంటి ప్రేమే కనిపిస్తోంది. ఆ మాటకొస్తే బోటీ కూరను తక్కువచేసి మాట్లాడితే తెలంగాణ పల్లెల్లో ఎవరూ ఊరుకోరు. ఒకరు పక్కన పడేసేది మరొకరికి పండగ భోజనం. తిండి దానంతటదే తక్కువది కాదు. తక్కువన్న మాటను తర్వాత మనుషులు అంటగడతారు.

ఆ అంటగట్టడం ఎప్పుడు జరిగింది? ‘హంబుల్ పై తినిపించడం’ అన్న నుడికారం కనిపించే తొలి పుస్తకాల్లో ముఖ్యమైనది 1830లో వచ్చింది. తూర్పు ఇంగ్లండ్ పల్లెల్లో జనం వాడే మాటల్ని రాబర్ట్ ఫోర్బీ అనే మతగురువు ఓపిగ్గా పోగేశాడు. ఆయన పోయాక ఆ నిఘంటువు అచ్చయింది. ఒకరి గొంతు తగ్గించి, లొంగిపోయేలా చేయడం అని అందులో దీనికి అర్థం ఇచ్చాడు. జింక అంబుల్స్ వేటగాళ్ల వాటా కాబట్టి, చిన్నవాళ్ల తిండి అన్న భావం నుంచి ఇది వచ్చి ఉండొచ్చేమో అనీ చేర్చాడు. గమనించారా... ‘వచ్చి ఉండొచ్చేమో’ అన్నాడంతే. తర్వాతివాళ్లు ఆ ‘ఏమో’ను వదిలేసి మిగతాది పట్టుకున్నారు! నౌకర్ల బల్ల కథ అలా ఊరూరా తిరిగింది.

అసలు జరిగింది మాటల మధ్య పెళ్లి అనుకోవచ్చు. ‘హంబుల్’ అన్న మాటకీ జింకకీ ఏ సంబంధమూ లేదు. లాటిన్‌లో ‘హ్యూమస్’ అంటే నేల, మట్టి. నేలకు దగ్గరగా తల వంచేవాడు కాబట్టి ‘హంబుల్’. అప్పట్లో చాలామంది ఇంగ్లిషువాళ్లు ఆ మాటలో ‘హ’ పలికేవారు కాదు. ‘అంబుల్’ అనే అనేవారు. ఇంకేముంది, వినడానికి రెండూ ఒకటే. వంటింట్లో ‘అంబుల్’, నడవడికలో ‘అంబుల్’. జింక వేట తగ్గి, పాత వంటకం జనం నోళ్లలోంచి జారిపోతున్న రోజుల్లో ఆ పేరు మీద అణకువ వచ్చి కూర్చుంది.

చార్లెస్ డికెన్స్ 1849-50లో రాసిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవల చదివినవాళ్లకు యురయా హీప్ గుర్తుండే ఉంటాడు. నోరు తెరిస్తే ‘నేను చాలా అంబుల్’ అంటూ చేతులు నలుపుకునే జిత్తులమారి. చిన్నప్పటి నుంచీ ‘అంబుల్ పై’ ఇష్టంగా తిన్నానని వాడూ చెప్పుకుంటాడు. వాడి అణకువంతా నటన. ఎదుటివాడిని ముంచడానికి వేసిన ఎర. నిజంగా తప్పు ఒప్పుకోవడానికీ, ఒప్పుకున్నట్టు నటించడానికీ ఉన్న తేడాని డికెన్స్ అంత బాగా చూపించాడు.

వైట్‌హౌస్‌కి కాకుల విందు

అట్లాంటిక్ దాటితే వంటకం మారిపోతుంది. అమెరికాలో ఓడినవాళ్లు కాకిని తింటారు. ‘ఈట్ క్రో’ అంటారు. మనకు కాకి పరాయిది కాదు. పితృదేవతల పేరు చెప్పి పిండం పెట్టేది దానికే. కాకికి పెడతాం కానీ కాకిని తినం. అమెరికావాళ్లకూ అంతే. కళేబరాలు పీక్కుతినే పక్షిని నోట్లో పెట్టుకోవాలంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. మింగక తప్పని ఓటమికి అంతకంటే సరైన పోలిక ఏముంటుంది?

దీనికి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది 1812లో అమెరికా, బ్రిటన్‌ల మధ్య మొదలైన యుద్ధం నాటిదిగా చెబుతారు. ఓ అమెరికా సైనికుడు పొరపాటున శత్రువుల హద్దులోకి వెళ్లి కాకిని కొట్టాడట. బ్రిటిష్ అధికారి అతని గురిని మెచ్చుకుంటూ తుపాకీ తీసుకుని, దాన్నే గురిపెట్టి ఆ కాకిని కొరికించాడట. తుపాకీ తిరిగి చేతికి రాగానే సైనికుడు మిగతా కాకిని ఆ అధికారితోనే తినిపించాడట! భలే ఉంది. కానీ ఇది అచ్చులోకి వచ్చింది యుద్ధం ముగిసిన ఎన్నో దశాబ్దాల తర్వాత.

రెండోది 1850ల నాటి పత్రికల్లో తిరిగిన హాస్యకథ. న్యూయార్క్ వైపు ఓ రైతు ఇంట్లో డబ్బులిచ్చి భోజనం చేసేవాళ్లు, తిండి బాగాలేదని గొణుగుతుండేవారు. ‘నేనైతే ఏదైనా తింటాను, కాకినైనా తింటాను’ అన్నాడు రైతు. వాళ్లు నిజంగానే కాకిని కొట్టి, ముక్కుపొడుం దట్టించి మరీ వండి ముందుపెట్టారు. అన్నమాటకు కట్టుబడి ముద్ద ముద్దా మింగుతూ ఆయన చెప్పిందేమిటంటే... తినమంటే తింటాను కానీ, తినాలని మాత్రం నోరూరదని!

ఈ కాకి కథల్లో మకుటం లాంటిది 1948లో జరిగింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలు. హ్యారీ ట్రూమన్ మీద థామస్ డ్యూయీ పోటీ. డ్యూయీదే గెలుపని సర్వేలన్నీ కోడై కూశాయి. షికాగో ట్రిబ్యూన్ అయితే ఓట్ల లెక్కింపు తేలకముందే ‘ట్రూమన్‌ను ఓడించిన డ్యూయీ’ అని పతాక శీర్షిక పెట్టేసింది. తీరా చూస్తే గెలిచింది ట్రూమన్. ఆ పత్రికను రెండు చేతులతో పైకెత్తి నవ్వుతున్న ఆయన ఫొటో చరిత్రలో నిలిచిపోయింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం చాలామందికి తెలియదు. డ్యూయీ గెలుస్తాడని నమ్మినవాళ్లలో వాషింగ్టన్ పోస్ట్ కూడా ఉంది. ఫలితం రాగానే ట్రూమన్‌కు ఓ టెలిగ్రామ్ పంపింది. పత్రికలవాళ్లు, రాజకీయ విశ్లేషకులు, సర్వేలవాళ్లు, రేడియో వ్యాఖ్యాతలు అందరూ కలిసి ‘కాకి విందు’ చేసుకుంటామని, దానికి ముఖ్య అతిథిగా రావాలని పిలిచింది. వాళ్లకి ముదురు కాకి మాంసం, ఆయనకి టర్కీ కోడి. వాళ్లకి గోనెపట్టా బట్టలు, ఆయనకి దర్జా సూటు. పళ్లలో ఇరుక్కున్న కాకి ముక్కలు తీసుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి పుల్లలు కూడా సిద్ధంగా ఉంచుతామంది! నవంబరు 5న ట్రూమన్ రాజధానికి తిరిగొస్తుంటే ఆ పత్రిక కార్యాలయం మీద ‘కాకులు తినేవాళ్ల స్వాగతం’ అనే అర్థంతో బ్యానరు వేలాడింది.

ట్రూమన్ ఏం చేశాడు? విందుకు రానన్నాడు. ఎవరి మీదా జబ్బలు చరుచుకోవాలని లేదు, ఎవరూ కాకి తింటుంటే చూడాలనీ లేదు అని జవాబిచ్చాడు. అందరం కలిసి, ప్రతి మనిషీ ఎప్పుడు కావాలంటే అప్పుడు టర్కీ తినగలిగే దేశాన్ని తయారుచేద్దాం అన్నాడు.

మాటలు, బూట్లు, పుస్తకాలు

మాటలు తినమని అడగడం పాతకాలం నుంచీ ఉన్నదే. షేక్స్పియర్ నాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బియాట్రిస్ అనే అమ్మాయి, ఇచ్చిన మాట తినేయవు కదా అని ప్రేమికుడిని నిలదీస్తుంది. ఏ సాస్ వేసిచ్చినా తినను అంటాడతను. 14వ శతాబ్దంలో మిలాన్‌ని ఏలిన బెర్నాబో విస్కాంతి ఇంకా ఘనుడు. తనను వెలివేస్తూ పోప్ పంపిన ఆజ్ఞాపత్రాన్ని, తెచ్చిన దూతల చేతే తినిపించాడని చెబుతారు. తోలుకాగితం, పట్టుతాడు, సీసపు ముద్ర... అన్నీ!

తమంతట తామే తిన్నవాళ్ల కథలు ఇంకా బాగుంటాయి. జర్మన్ సినీ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్, కుర్రవాడైన ఎరల్ మోరిస్ మొదటి సినిమా పూర్తిచేస్తే తన బూటు తింటానన్నాడు. మోరిస్ పూర్తిచేశాడు. హెర్జోగ్ బూటును వెల్లుల్లి, ఆకులు వేసి గంటల తరబడి ఉడికించి, జనం ముందు కోసుకుని తిన్నాడు. దాని మీద 1980లో ఓ చిన్న డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ‘అడుగు’ మాత్రం వదిలేశాడు... కోడిని తిన్నా ఎముకలు వదిలేస్తాం కదా అన్నది ఆయన వాదన!

బాబ్ మెట్‌కాఫ్ మరో ఘటికుడు. కంప్యూటర్లను తీగలతో కలిపే ‘ఈథర్‌నెట్’ను కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు. 1996లో ఇంటర్నెట్ మొత్తం కుప్పకూలుతుందని 1995 చివర్లో తన శీర్షికలో జోస్యం చెప్పాడు. కాకపోతే ఆ మాటలు తింటానన్నాడు. 1996 వెళ్లిపోయింది, ఇంటర్నెట్ నిలబడింది. 1997 ఏప్రిల్‌లో ఓ సదస్సు వేదిక మీద ఆయన తన వ్యాసం ఆకారంలో ఉన్న కేకు తినబోతే సభికులు ఒప్పుకోలేదు. దాంతో అచ్చయిన కాగితాన్ని మిక్సీలో వేసి, నీళ్లు కలిపి తిప్పి తాగేశాడు. అంతమాత్రాన ఆయన పరువేమీ పోలేదు. 2022 సంవత్సరానికి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఆయనకే దక్కింది.

2017 బ్రిటన్ ఎన్నికల్లో లేబర్ పార్టీకి 38 శాతం ఓట్లు రావని, వస్తే తన కొత్త పుస్తకం తింటానని ఆచార్యుడు మాథ్యూ గుడ్విన్ ప్రకటించారు. వచ్చినవి 40 శాతం. టీవీ ప్రత్యక్ష ప్రసారంలోనే పుస్తకంలోని కాగితం చింపి నమిలారు. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, ఎగ్జిట్ పోల్ నిజమైతే నా టోపీ తింటానన్న సీనియర్ నేత పాడీ ఆష్‌డౌన్‌కీ ఇదే గతి. ఆయన పార్టీకి 10 సీట్లే వస్తాయంది ఎగ్జిట్ పోల్. వచ్చినవి ఇంకా తక్కువ... ఎనిమిది! టీవీవాళ్లు పాపం జాలిపడి, తినడానికి వీలుగా చేసిన టోపీని ఆయన ముందు పెట్టారు.

తిండి లేదు... గరిటే మిగిలింది!

ఓటమికి వంటింటి నుంచే వచ్చిన మరో మాట ‘ఉడెన్ స్పూన్’. ఐపీఎల్ రోజుల్లో తరచూ వింటుంటాం. పట్టికలో చివర నిలిచిన జట్టుకు దక్కే ఉత్తుత్తి బహుమతి. ఇది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అక్కడ గణితంలో ఆనర్స్ సాధించినవాళ్లలో అందరికంటే చివర నిలిచిన విద్యార్థికి తోటివాళ్లు చెక్క గరిటె బహూకరించేవారు. పట్టా తీసుకునేటప్పుడు పైన బాల్కనీ నుంచి తాడు కట్టి వేలాడదీసేవారు. పోనుపోను ఆ గరిటె పెరిగి పెరిగి పడవ తెడ్డంత అయింది! ర్యాంకుల వరసలో ఫలితాలు ప్రకటించడం ఆపేయడంతో 1909తో ఆ సరదా ముగిసింది.

ఈ గరిటె మన దగ్గరికీ వచ్చింది. 2008 మొదటి ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు దక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఏడాది తిరిగేసరికి, 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీల్లో అదే జట్టు ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు కొట్టింది. గరిటె పట్టుకున్న చేత్తోనే కప్పూ పట్టుకోవచ్చని అప్పుడు అర్థమైంది.

మనకు కడుపు కాదు... చెంప!

మరి తెలుగులో? మన భాషలోనూ ఓటమికి నోటితో పని ఉంది. ఎన్నికల్లో పార్టీలు ‘చావుదెబ్బ తింటాయి’. ఆటలో ప్రత్యర్థికి ‘మట్టి కరిపిస్తాం’. ముప్పుతిప్పలు పెట్టి ‘మూడు చెరువుల నీళ్లు తాగిస్తాం’. వెనకటికి యుద్ధంలో లొంగినవాడు ‘గడ్డి కరిచేవాడు’. నోట గడ్డిపరక పెట్టుకుంటే ‘నేను నీ గోవును, చంపొద్దు’ అని వేడుకున్నట్టు. అయితే ఇవన్నీ ఎదుటివాడు మనకు పెట్టే తిండి. దెబ్బ వాడు కొడితే మనం తింటాం, మట్టి వాడు కరిపిస్తే మనం కరుస్తాం.

మనంతట మనమే తప్పు ఒప్పుకోవాలంటే మాత్రం తెలుగువాడికి పళ్లెం అక్కర్లేదు. లెంపలేసుకుంటాడు. వినాయకుడి ముందు గుంజీళ్లు తీస్తూ చిన్నప్పుడే నేర్చుకునే పని అది. మరీ పెద్ద తప్పయితే ముక్కు నేలకు రాస్తాడు. ‘హంబుల్’ అన్న మాట కూడా నేలలోంచే వచ్చిందని చెప్పుకున్నాం కదా... ఎంత దూరం వెళ్లినా రెండు భాషలూ చివరికి ఆ మట్టి దగ్గరే కలుసుకున్నాయి.

లెంపలేసుకోవడమూ, హంబుల్ పై తినడమూ అర్థంలో ఒకటే. కానీ చిన్న తేడా ఉంది. లెంపకాయ క్షణంలో అయిపోతుంది. తిండి అలా కాదు. నోట్లో పెట్టుకోవాలి, నమలాలి, రుచి తెలియాలి, గొంతు దిగాలి. తప్పు ఒప్పుకునేవాడు పడే అవస్థ కూడా అచ్చం అలాంటిదే. ‘అవమానాన్ని దిగమింగాడు’ అని మనమూ అంటాం కదా... ఆ దిగమింగడంలో ఎంత కష్టముందో మింగినవాడికే తెలుస్తుంది.

ఆ కష్టం సంపాదకులకీ నాయకులకే కాదు, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ‘నీకేం తెలీదు’ అని భార్య మాట కొట్టిపారేసి స్థలం కొని మోసపోయిన భర్త, కోడలికి వంట రాదని ఊరంతా చాటాక ఆవిడ పెట్టిన ఆవకాయే బాగుందని బంధువులంటే వినాల్సివచ్చిన అత్తగారు, కొడుకు ఎంచుకున్న కోర్సు దండగని రెండేళ్లు మాట్లాడటం మానేసి ఇప్పుడు వాడి మొదటి జీతం అందుకుంటున్న తండ్రి... వీళ్ల ముందున్న పళ్లెంలోనూ ఆ వంటకమే ఉంటుంది. చాలామంది దాన్ని పక్కకు నెట్టేస్తారు. ‘నేను అలా అనలేదు’ అంటారు. ‘అప్పటి పరిస్థితి వేరు’ అంటారు. కొద్దిమందే ‘నువ్వన్నదే నిజం, పొరబడ్డాను’ అంటారు. అన్నాక వాళ్ల ముఖాలు చూడండి, బరువు దిగినట్టుంటాయి. కాగితం నమిలిన ఫ్రిత్‌లా ఓ చిన్న నవ్వు కూడా కనిపిస్తుంది.

గెలిచినవాళ్ల పని ఇంకొకటి ఉంది. ఎదుటివాళ్లు తప్పు ఒప్పుకోగానే ‘నేను అప్పుడే చెప్పానా’ అంటూ రెండో వాయి వడ్డించాలనిపిస్తుంది. ట్రూమన్‌కి ఆ అవకాశం వచ్చింది. పళ్లెం సిద్ధంగా ఉంది, కాకి ఉడుకుతోంది, పిలుపు కూడా అందింది. ఆయన వెళ్లలేదు. ఇంట్లో ఎవరైనా తల వంచుకుని ‘నాదే పొరపాటు’ అన్నప్పుడు మిగతావాళ్లు చేయాల్సింది అదే. కాకి సంగతి మర్చిపోయి, ముందు అన్నం వడ్డించాలి.